బొట్టు తీయనక్కరలేదు: క్రిస్మస్ ఆరాధనకు మొదటిసారి వచ్చేవారి కోసం

మా పాఠశాలలో లెక్కలు చెప్పిన టీచరుగారూ నేనూ పదకొండేళ్ళు స్టాఫ్‌రూములో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ప్రతి డిసెంబరులో నేను తెచ్చిన కేకు ఆమె తిన్నారు. ప్రతి సంక్రాంతికి ఆమె తెచ్చిన సకినాలు నేను తిన్నాను. నా పదవీ విరమణకు ముందటి డిసెంబరులో ఒకరోజు ఆమె గొంతు తగ్గించి, "మేడం, క్రిస్మస్ రోజు మీ చర్చికి మేము కూడా రావచ్చా?" అని అడిగారు. ఇన్నేళ్ళలో నేనే ఎందుకు పిలవలేదా అని ఆ సాయంత్రమంతా మనసు కలుక్కుమంటూనే ఉంది. ఆమెకు రావాలని ఎప్పటినుంచో ఉందట. ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో, తెలియక ఏ తప్పు చేస్తామో అన్న భయంతో ఆగిపోయారట.

ఆ ఏడాది ఆమెను, ఆమె కోడలిని మెదక్ చర్చికి తీసుకువెళ్ళాను. అప్పటినుంచి ప్రతి క్రిస్మస్‌కు ఇద్దరో ముగ్గురో నాతో వస్తున్నారు. అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతారు. వాటికి నేను చెప్పే జవాబులన్నీ ఇక్కడ రాస్తున్నాను. నేను సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో పుట్టి పెరిగినదాన్ని, ముప్పై ఏళ్ళకు పైగా గాయక బృందంలో పాడుతున్నాను. కాబట్టి నేను చెప్పేది ముందుగా మా చర్చికి వర్తిస్తుంది. మిగతా సంఘాల పద్ధతుల్లో తేడా ఉన్నచోట ఆ మాట చెబుతాను.

ఏ చర్చికి, ఏ వేళకు

మీకు తెలిసిన క్రైస్తవ కుటుంబం ఒకటి ఉంటే వారు వెళ్ళే చర్చికే వెళ్ళండి. అది రేకుల షెడ్డయినా సరే, అదే మీకు మంచి చోటు. పక్కన తెలిసిన మనిషి ఉంటే సగం బెరుకు పోతుంది. అలాంటివారు లేకపోతే, లేదా పెద్ద చర్చిని చూడాలని ఉంటే మెదక్ రండి.

తెలుగు నేల మీద అందరూ ఒకే వేళకు ఆరాధన జరపరు. కథోలిక చర్చిల్లో 24వ తేదీ అర్ధరాత్రి జరిగే దివ్యబలిపూజ ముఖ్యం. సికింద్రాబాదులో సెయింట్ మేరీస్, హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్ వంటి చర్చిలకు ఆ రాత్రి వెళ్ళవచ్చు. గుంటూరు ప్రాంతంలో లూథరన్ సంఘాలు, ఒంగోలు, నెల్లూరు వైపు బాప్టిస్టు సంఘాలు పాతవి. అక్కడ వేళలు ఏ ఊరికా ఊరివే. సీఎస్ఐ అంటే 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు మొదలైన సంఘాలు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం. మా చర్చిల్లో చాలావరకు 25వ తేదీ తెల్లవారుజామున ఒక ఆరాధన, పొద్దెక్కాక మరొకటి ఉంటాయి. ఎక్కడికి వెళ్ళదలచినా ఒకరోజు ముందు ఆ చర్చి గేటు దగ్గర వేళ కనుక్కోండి.

మెదక్‌లో మొదటి ఆరాధన తెల్లవారుజామున నాలుగున్నరకు. రెండోది పొద్దెక్కాక మొదలవుతుంది. చాలామంది సందర్శకులు రెండోదానికే వస్తారు. నా మాట వింటే మొదటిదానికి రండి. రెండో ఆరాధన వేళకు ప్రాంగణమంతా తిరునాళ్ళలా ఉంటుంది. ఆ సందడీ బాగుంటుంది కానీ లోపల చోటు దొరకదు. దొరికినా పిల్లల ఏడుపుల్లో ప్రసంగం వినబడదు. తెల్లవారుజామున వచ్చినవారు మాత్రం చలిలో దుప్పట్లు కప్పుకొని, నిద్ర ఆపుకొని, ఆరాధన కోసమే వచ్చినవారు. వారి మధ్య కూర్చుంటే మీకూ ఆ ఉదయం దక్కుతుంది.

హైదరాబాదు నుంచి మెదక్ సుమారు 100 కిలోమీటర్లు. సికింద్రాబాదు జూబ్లీ బస్ స్టేషన్ నుంచి నర్సాపూర్ మీదుగా బస్సులు ఉన్నాయి. తెల్లవారుజాము ఆరాధన అందాలంటే 24 రాత్రికే మెదక్ చేరుకోవాలి. పండుగనాడు లాడ్జి గది అప్పటికప్పుడు దొరకడం కష్టం, రెండు మూడు వారాల ముందే మాట్లాడుకోండి. ఊళ్ళ నుంచి వచ్చే కుటుంబాలు చర్చి ఆవరణలోనే చాపలు పరుచుకొని రాత్రి గడుపుతాయి. మీరు ఓపికగలవారైతే, దుప్పట్లు తెచ్చుకుంటే మీరూ అలా ఉండవచ్చు. చిన్నప్పుడు మేమందరం అలాగే పడుకున్నాం. మూడున్నరకల్లా లేచి, నాలుగుకల్లా లోపల ఉండండి.

ఈ కట్టడం గురించి కొంచెం

సందర్శకులు సంకోచిస్తుంటే నేను వారికి ముందు ఈ సంగతి చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ప్రాంతాన్ని కరువు పట్టింది. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ జనానికి పని కల్పించి, ఆ పనికి తిండి పెట్టే దారి చూశారు. ఆ పనే ఈ చర్చి. 1914లో మొదలైన కట్టడం పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అందుకే మాకు క్రిస్మస్ రోజు మందిరానికి కూడా పుట్టినరోజు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. సుమారు అయిదు వేల మంది పడతారు.

మా నాయనమ్మ తండ్రి ఆ కట్టడంలో రాళ్ళు మోశారు. అప్పటికి ఆయన క్రైస్తవుడు కాదు. పొద్దంతా మోసి, సాయంత్రం గింజలు మూటగట్టుకొని ఇంటికి నడిచి వచ్చేవాడని నాయనమ్మ చెప్పేది. ఆయనతో పాటు మోసినవారిలో ఎందరో చివరిదాకా తమ దేవుళ్ళనే కొలుచుకున్నారని కూడా చెప్పేది. హిందువులైనా ముస్లింలైనా ఈ గడప ముందు నిలబడి "మేము లోపలికి రావచ్చా?" అని అడిగినప్పుడల్లా నాకు ఆ మూట గుర్తుకు వస్తుంది. ఈ గోడల్లో వారి పెద్దల చెమట కూడా ఉంది.

బట్టలు, బొట్టు, చెప్పులు

లెక్కల టీచరుగారు ఆ తెల్లవారుజామున మెట్ల దగ్గర ఆగి, కొంగుతో బొట్టు తుడుచుకోబోయారు. నేను చేయి పట్టుకొని ఆపాను. బొట్టు తీయనక్కరలేదు. పూలు తీయనక్కరలేదు, మంగళసూత్రం దాచుకోనక్కరలేదు. అయ్యప్ప మాలలో ఉన్నవారిని నల్లబట్టలతోనే లోపలికి రానివ్వడం నేను చూశాను. బురఖాతో వచ్చిన అమ్మాయిలు మా పక్క వరుసలో కూర్చోవడమూ చూశాను. మీరు మీలాగే రండి.

క్రిస్మస్‌కు కొత్తబట్టలు కట్టుకోవడం మాకు ఆనవాయితీ, తెలుపు ఎక్కువగా కనిపిస్తుంది. మీకు ఆ నియమం లేదు, శుభ్రమైన బట్టలు చాలు. డిసెంబరు చివర్లో తెల్లవారుజామున మెదక్ చలి గట్టిగా ఉంటుంది, రాతి కట్టడంలో మరీను. శాలువా, పిల్లలకు స్వెటర్లు, చెవులకు మఫ్లరు తప్పకుండా తెచ్చుకోండి.

ప్రార్థన వేళ మా స్త్రీలు చాలామంది కొంగు తల మీదుగా కప్పుకుంటారు. చూసి మీరూ కప్పుకుంటే మర్యాదగా ఉంటుంది, కప్పుకోకపోతే ఎవరూ ఏమీ అనరు. చెప్పుల సంగతి ఊరిని బట్టి మారుతుంది. పల్లెల్లోని చర్చిలలో బయటే విడుస్తారు, లోపల చాపల మీదో జంపకానాల మీదో కూర్చుంటారు. బల్లలు వేసిన పట్టణ చర్చిలలో చెప్పులతోనే వెళ్ళేవారు ఎక్కువ. గుమ్మం దగ్గర చూపు కిందికి వేస్తే ఆ చర్చి పద్ధతి తెలిసిపోతుంది. చాలా పల్లెల్లో మగవారు ఒకవైపు, ఆడవారు ఒకవైపు కూర్చుంటారు. భార్యాభర్తలు కలిసి వస్తే బయటికి వచ్చాక ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి.

కొబ్బరికాయ తేవద్దు, మాకు కొట్టే ఆచారం లేదు. పూలు, కొవ్వొత్తులు తీసుకురావచ్చు. కొవ్వొత్తి ఆవరణలో వెలిగించే చోటనే వెలిగించండి, లోపల వద్దు.

ఎక్కడ కూర్చోవాలి

కొత్తవారు రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. అన్నీ బాగా కనిపిస్తాయని మొదటి వరుసలో కూర్చుంటారు, లేదా మొహమాటపడి చిట్టచివరి వరుసకు పోతారు. ముందు కూర్చుంటే ఎప్పుడు లేవాలో చూపేవారు మీ ఎదుట ఉండరు. వెనక కూర్చుంటే వచ్చేపోయేవారి సందడిలో ఏమీ వినబడదు. నడిమి వరుసల్లో, నడవకు దగ్గరగా కూర్చోండి. ముందున్న పెద్దావిడను ఎవరినైనా గుర్తుపెట్టుకొని ఆమె లేస్తే లేవండి, కూర్చుంటే కూర్చోండి. ఈ ఒక్క ఉపాయంతో ఆరాధన అంతా సాగిపోతుంది. నేను కథోలిక స్నేహితురాలితో గుణదల వెళ్ళినప్పుడు నాకు పనికివచ్చిందీ ఇదే. వారు మాకంటే ఎక్కువసార్లు మోకాళ్ళూనుతారు.

మోకాళ్ళూనడం మీకు ఇష్టం లేకపోతే, మోకాళ్ళ నొప్పి ఉంటే, తల వంచి కూర్చుంటే చాలు. మా సంఘంలోనే సగం మంది పెద్దవారు అలా కూర్చుంటారు.

ద్వారం దగ్గర ఎవరైనా "వందనాలు" అంటారు. తెలుగు క్రైస్తవుల పలకరింపు అది. మీరు తిరిగి "వందనాలండీ" అనవచ్చు, "నమస్కారం" అనవచ్చు. రెండింటికీ అదే చిరునవ్వు వస్తుంది. పాస్టరుగారిని చాలామంది "అయ్యగారు" అని, ఆయన భార్యను "అమ్మగారు" అని పిలుస్తారు. కథోలిక గురువును "ఫాదర్" అంటారు. అయ్యగారి భార్య ఎవరని ఫాదర్ దగ్గర అడగకండి, వారికి వివాహం ఉండదు.

ఆరాధన ఎలా సాగుతుంది

గంటలు మోగుతాయి. అందరూ లేచి నిలబడతారు. ముందు శిలువ పట్టుకొని ఒకరు, వెనక తెల్లని అంగీలతో గాయక బృందం, ఆ వెనక పాస్టర్లు, బిషప్‌గారు నడవ మధ్యగా వస్తారు. ఈ ఊరేగింపు దాటుతున్నప్పుడు నడవలోకి వచ్చి ఫోటో తీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి తీయకండి. శిలువ పట్టుకున్న మనిషికి చీకట్లో ఎదురుగా వెలుగు పడితే మెట్టు కనబడదు. ఆరాధనకు ముందు, ఆరాధన అయ్యాక ఎన్ని ఫోటోలైనా తీసుకోండి. ప్రార్థనలోనూ, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు భోజన సమయంలోనూ మాత్రం ఫోను సంచిలో ఉండనివ్వండి.

పాటలు మొదలవుతాయి. మా చేతుల్లో ఉండే లావుపాటి పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పాట పేరు చెప్పరు, సంఖ్య చెబుతారు, లేదా గోడ మీది పలకపై వేస్తారు. పక్కవారి పుస్తకంలోకి తొంగిచూడడం తప్పు కాదు, వారే మీవైపు జరిపి వేలితో చరణం చూపిస్తారు. సంగీతం తెలిసినవారైతే పాట పైన గమనించండి. చాలా కీర్తనలకు రాగం, తాళం రాసి ఉంటాయి. మన సంప్రదాయ రాగాల్లో, మన భజన పాటల నడకలో కట్టిన కీర్తనలు అవి. వాటి మధ్యలో పాశ్చాత్య బాణీల పాటలూ వస్తాయి. ఒకే ఉదయం రెండూ వినడం నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. మీకు పాడాలనిపిస్తే పాడండి. పాడకుండా నిలబడినా చాలు.

తర్వాత వాక్యపఠనం. యెషయా ప్రవచనం నుంచి ఒక భాగం, లూకా సువార్త రెండో అధ్యాయం నుంచి యేసు జననం చదవడం సాధారణం. వచ్చే ముందు ఇంట్లో లూకా రెండో అధ్యాయంలో మొదటి ఇరవై వచనాలు ఒక్కసారి చదువుకోండి. పది నిమిషాలు కూడా పట్టదు. భాష పాతది, "పొత్తిగుడ్డలు", "పశువుల తొట్టి" వంటి మాటలు ఉంటాయి. కథ మాత్రం పసిపిల్లవాడికి కూడా అర్థమవుతుంది. సత్రంలో చోటు దొరకని ఒక గర్భిణి, పశువుల తొట్టిలో బిడ్డ, ఆ రాత్రి పొలంలో మంద కాస్తూ కబురు విని ముందుగా చూడవచ్చిన గొర్రెల కాపరులు. అది చదివి వస్తే ఆ రోజు పాటలు, ప్రసంగం, ఆవరణలో కట్టిన పశువుల పాక బొమ్మలు అన్నీ వాటంతట అవే తెలిసిపోతాయి.

విశ్వాస ప్రమాణము చెప్పేటప్పుడు అందరూ లేస్తారు. మీరూ లేవండి, చెప్పనక్కరలేదు. అది నమ్మినవారు తమ నోటితో చెప్పుకునే మాట. నమ్మనివారు మౌనంగా ఉండడమే ఆ మాటకు ఇచ్చే గౌరవం. "పరలోకమందున్న మా తండ్రీ" అన్న ప్రార్థన మిషన్ స్కూళ్ళలో చదివినవారికి చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. మా ముస్లిం సహోద్యోగి ఒకరు కళ్ళు మూసుకొని దాన్ని చివరిదాకా చెప్పడం విని నేను ఆశ్చర్యపోయాను. ఆయన అయిదో తరగతి దాకా మా మిషన్ బడిలో చదివారట.

మధ్యలో ఒకచోట సమాధానము, అంటే ఒకరికొకరు శాంతి చెప్పుకునే ఘట్టం ఉంటుంది. పక్కవారు మీవైపు తిరిగి చేతులు జోడిస్తారు, లేదా మీ చేతిని రెండు చేతుల మధ్య పట్టుకుంటారు. మీరూ అలాగే చేయండి. మొదటిసారి వచ్చినవారికి బెరుకు పోయేది ఇక్కడే అని నా అనుభవం.

ప్రసంగం అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట సాగుతుంది. పిల్లలు మారాం చేస్తే మొహమాటం లేకుండా వరండాలోకి తీసుకుపోయి, ఊరుకున్నాక తిరిగి తీసుకురండి.

కానుకల సంచి వరుస వెంట వస్తుంది. వేయాలనిపిస్తే పదో ఇరవయ్యో వేయండి, లేదంటే సంచిని పక్కవారికి అందించండి. మీరు ఎంత వేశారో చూడడానికి ఎవరూ లేరు. సందర్శకుల నుంచి ఏ చర్చిలోనూ ప్రవేశ రుసుము లాంటిది ఆరాధనకు అడగరు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త

ఇంతవరకు చెప్పినవాటిలో మీరు ఏది పొరపడినా ఏమీ కాదు. ప్రభు భోజనం దగ్గర మాత్రం తెలుసుకొని నడుచుకోవాలి.

బలిపీఠం దగ్గర పాస్టర్లు రొట్టెను, ద్రాక్షారసాన్ని ప్రార్థించి పంచుతారు. వరుస వరుసగా అందరూ లేచి ముందుకు వెళతారు. చూసేవారికి అచ్చం తీర్థప్రసాదాల్లా కనిపిస్తుంది. అది ప్రసాదం కాదు. యేసు మరణాన్ని తలచుకుంటూ, ఆయన శరీరానికి, రక్తానికి గుర్తుగా, బాప్తిస్మం పొంది సంఘంలో చేరినవారు తీసుకునేది. మా పిల్లలకు కూడా ఒక వయసు వచ్చి, నేర్చుకొని, సంఘం ముందు ఒప్పుకోలు చెప్పాకే ఇస్తాం. కాబట్టి ఇవ్వకపోవడం మిమ్మల్ని వేరు చేయడం అనుకోకండి. మీ వరుస లేచినప్పుడు మోకాళ్ళు పక్కకు తిప్పి దారి ఇచ్చి కూర్చోండి. కూర్చున్నవారు మీరొక్కరే కారు, మావారిలోనూ ఎందరో కూర్చుంటారు.

చాలా ఏళ్ళ క్రితం వేరే ఊరి చర్చిలో ఒకావిడ తెలియక వరుసలో నిలబడి రొట్టె అందుకున్నారు. తినలేదు. జేబురుమాలులో భద్రంగా మడిచి కళ్ళకద్దుకున్నారు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారికి ఇవ్వాలని ఆమె తలంపు. ఒక సంఘపెద్ద చూసి అందరిముందూ గట్టిగా అడిగారు. ఆమె వణుకుతూ రుమాలు విప్పి చూపించారు. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చొని, ఇది ఇక్కడే తినవలసినదమ్మా, ఇంటికి తీసుకుపోకూడదు అని చెప్పాను. ఆ రొట్టెను ఆమె పట్టుకున్నంత భక్తిగా పట్టుకున్నవారిని నేను కొద్దిమందినే చూశాను. ఆ పెద్దమనిషి మెల్లగా చెప్పి ఉండవలసింది. అందుకే నాతో వచ్చేవారికి ఈ సంగతి బస్సులోనే చెప్పేస్తాను. మీతో వచ్చే పెద్దవారికి మీరూ ముందే చెప్పండి.

ఇంటి దగ్గర జబ్బుపడినవారి కోసం వచ్చి ఉంటే దానికి వేరే దారి ఉంది. ఆరాధన ముగిశాక పాస్టర్లు నిలబడి, వచ్చిన ప్రతివారి తల మీద చేయి ఉంచి ప్రార్థిస్తారు. ఆ వరుసలో ఎవరైనా నిలబడవచ్చు. రోగి పేరు, బాధ రెండు మాటల్లో చెబితే చాలు.

మతం మారమంటారా అని కొందరు నేరుగానే అడుగుతారు. నేరుగానే చెబుతాను. ప్రసంగంలో యేసును నమ్మమని పిలుపు ఉంటుంది, అది మా విశ్వాసంలో భాగం. ఆ పిలుపు అందరికీ చెప్పేది, మీరు వినవచ్చు, జవాబు చెప్పనక్కరలేదు. కొన్ని చిన్న సంఘాల్లో కొత్తగా వచ్చినవారిని లేచి పేరు చెప్పమంటారు, లేదా పక్కకు పిలిచి మాట్లాడతారు. ఇష్టం లేకపోతే "పండుగ చూద్దామని వచ్చామండీ, వందనాలు" అని చేతులు జోడించండి. అక్కడితో ఆగాలి. ఆగనివారు ఉంటే ఆ తప్పు మీది కాదు, మాది.

ముగిశాక లేవకండి

ఆశీర్వచనం కాగానే జనం ఒక్కసారిగా తలుపుల వైపు కదులుతారు. హ్యాపీ క్రిస్మస్‌లు, కరచాలనాలు, కేకులు, ఫోటోలు. మీరు మాత్రం ఇంకాసేపు కూర్చోండి. ఎందుకంటే మీరు వచ్చిన వేళకు బయట చీకటి. అప్పుడు మెదక్ చర్చిలోని మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు మీకు నల్లగా కనిపించి ఉంటాయి. డిసెంబరు చివర్లో ఇక్కడ పొద్దు పొడిచేది ఆరూ నలభై ప్రాంతంలో. వెలుగు వస్తున్నకొద్దీ ఒక్కొక్క గాజు ముక్కకు రంగు వస్తుంది. ముందు లేత నీలం, తర్వాత ఎరుపు, చివరికి మనుషుల ముఖాలు. ఒక కిటికీలో యేసు జననం, ఒకదానిలో శిలువ, బలిపీఠం వెనక ఉన్నదానిలో పరలోకానికి ఆరోహణం. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన అది. బయటినుంచి చూస్తే ఏమీ తెలియదు, రాత్రి లోపలినుంచి చూసినా తెలియదు. పగలు, లోపల కూర్చున్నవారికే కనిపిస్తాయి. రెండో ఆరాధనకు వచ్చినవారు రంగులు నిండాక చూస్తారు. రంగులు రావడం చూసేది మీరు.

లెక్కల టీచరుగారు ఆ రోజు జననం కిటికీ ముందు ఇరవై నిమిషాలు కూర్చున్నారు. తొట్టి దగ్గర మోకాళ్ళూనిన మనుషులను చూస్తూ ఒక్క మాట కూడా అనలేదు. నేనూ కదిలించలేదు.

ఎవరైనా భోజనానికి పిలిస్తే

పిలుస్తారు. క్రిస్మస్ రోజు ఇంటికి వచ్చినవారిని తినకుండా పంపడం మాకు చిన్నతనం. శాకాహారులైతే పిలిచినప్పుడే చెప్పండి. చివరి నిమిషంలో చెబితే ఆ ఇల్లాలు పండుగపూట బాధపడుతుంది. ముందే తెలిస్తే పప్పు, కూర, పులిహోర వేరే గిన్నెలతో వండి పెడుతుంది, మా ఇంట్లో అలాగే చేస్తాం. చేతిలో అరడజను పండ్లో మిఠాయి పొట్లమో ఉంటే చాలు.

విస్తరి ముందు కూర్చోగానే చేయి పెట్టకండి. ఇంటి పెద్దో, ఒక్కోసారి చిన్న పిల్లవాడో ప్రార్థన చేస్తారు. అందరూ "ఆమేన్" అన్నాక తినడం మొదలుపెడతారు. ఆ అర నిమిషం ఆగితే చాలు.

వెళ్ళేటప్పుడు ఒక డబ్బా నిండా గులాబీ పువ్వులనే పిండివంట, కేకు ముక్కలు, కజ్జికాయలు పెట్టి ఇస్తారు. వద్దనకండి. డబ్బా తిరిగి ఇవ్వడానికి తొందరేమీ లేదు. మూడు వారాల్లో సంక్రాంతి వస్తుంది. సకినాలు చేసినప్పుడు అందులో పెట్టి పంపండి.